పలకలో పట్టని కాయ

సత్తియ్య కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంటే, ఫోన్లో ఎవరో దూరపు చుట్టం మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కళ్ళు సగం మూసుకుంటాడు. లోపల నీళ్ళు కదిలే చప్పుడు నచ్చితే కాయ ఎడమ పక్కకి పోతుంది, నచ్చకపోతే కుడి పక్కకి. ఎడమ పక్కవి విత్తనానికి, కుడి పక్కవి వంటింటికి. పి.గన్నవరం దగ్గర ఉమాదేవి గారి కొబ్బరి నర్సరీలో ఏ కాయ మొక్క కావాలో ఏ కాయ పచ్చడి కావాలో ముప్పయ్యేళ్ళుగా తేలుస్తున్నది ఆయన చెవే.

మనిషి సన్నం. అరవై దగ్గర పడుతున్నా నడుం వంగలేదు. కుడి చేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి. ఎడమ చేతికి మాత్రం బొటనవేలూ చూపుడువేలే మిగిలాయి. మిగతా మూడూ పాతికేళ్ళ వయసులో పీచు మిషన్లో పోయాయి. ఆ సంగతి ఎవరైనా అడిగితే, "అప్పుడెప్పుడోనండి" అని కాయ అందుకుంటాడు.

ఇక నా సంగతి. నా పేరు నాగదుర్గాప్రసాద్. బీఎస్సీ మాథ్స్, ఆ పైన బీఈడీ. టీచరు పోస్టు రెండుసార్లు చేతి దాకా వచ్చి జారిపోయింది. మే నెల మధ్యలో ఈ నర్సరీలో సూపర్‌వైజరుగా చేరాను. నా చదువు సంగతి తెలిసి ఉమాదేవి గారు మొదటి రోజే 'మేస్టారూ' అని పిలిచారు, దాంతో అందరికీ మేస్టార్నే అయిపోయాను. లెక్కల్లో నన్ను తప్పు పట్టేవాడు ఆ మండలంలోనే లేడని నా నమ్మకం. కోపం కూడా నాకు కాస్త ఎక్కువే. ఈ రెండూ ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత జరిగినదానికంతటికీ ఇవే కారణం కాబట్టి.

నర్సరీ పెద్దదేం కాదు. ఇసుక కలిపిన నారుమళ్ళు ఆరు. ఒక్కో మడిలో ఇరవై వరుసలు, వరుసకి ఇరవై కాయలు. ఏప్రిల్లో తల్లి చెట్ల నుంచి దింపిన విత్తనపు కాయల్ని, లోపలి నీళ్ళు ఇంకిపోకుండా, షెడ్డులో నీడన ఇసుక కప్పి ఉంచుతారు. జూన్‌లో వానలు పడగానే మళ్ళలో పాతుతారు. కాయలు షెడ్డులోకి వచ్చినప్పుడే సత్తియ్య లెక్క కట్టేస్తాడు.

ఆ లెక్క కట్టడం ఒక తంతు. బేబీ అనే పనిమనిషి ఒక్కొక్క కాయా కుప్పలోకి విసురుతుంటే, సత్తియ్య పక్కన నిలబడి వేళ్ళు ముడుస్తూ ఉంటాడు. మధ్యలో వంగి నేల మీద ఒక గులకరాయి పెడతాడు. రాళ్ళు కొన్ని పోగవగానే వాటిని తీసేసి, వాటి బదులు ఒక కొబ్బరి చిప్ప పెడతాడు. చిప్పలు కొన్ని పోగవగానే వాటినీ తీసేసి ఒక కొబ్బరి పీచు డొక్క పెడతాడు. ఆఖర్న వెళ్ళి షెడ్డు గుంజకి వేలాడే పలక మీద నాలుగు గళ్ళలో నాలుగు అంకెలు వేస్తాడు. డొక్కలు ఎన్నో, చిప్పలు ఎన్నో, రాళ్ళు ఎన్నో, చివర వేళ్ళ మీద మిగిలిన కాయలు ఎన్నో. రెండో తరగతి దాకా చదివిన మనిషి, అంకెలు గుండ్రంగా ముద్దుగా ఉంటాయి.

నేను చేరిన వారంలో ఇదంతా ఒకసారి దగ్గరుండి చూశాను. చూసి, రాయి అంటే పది, చిప్ప అంటే వంద, డొక్క అంటే వెయ్యి అని నాకు నేనే చెప్పేసుకున్నాను. రాయి పెట్టేముందు ఎన్ని కాయలు పడ్డాయో లెక్కపెట్టి చూడొచ్చు. ఆయన్నే అడగొచ్చు. అడిగితే నా డిగ్రీ ఏమైనా తరిగిపోతుందా, అయినా అడగలేదు. పలక మీద అంకెల్ని తీసుకెళ్ళి ఫోన్లో ఎక్సెల్ షీటులో ఎక్కించేసి, ఈ నర్సరీ ఇరవయ్యొకటో శతాబ్దంలోకి వచ్చిందని మురిసిపోయాను.

ఇంకో మాట చెబితే నవ్వుతారు. ఆ షీటులో పది పన్నెండు లెక్కలు ఎక్కించాను. ఎక్కడా ఏడు అనే అంకె లేదు. ఎనిమిది లేదు. తొమ్మిది లేదు. అన్నీ ఆరూ, ఆరులోపే. కాలేజీలో బైనరీ అని రెండింటి లెక్క, ఆక్టల్ అని ఎనిమిదింటి లెక్క పేజీలకి పేజీలు బట్టీపట్టి పరీక్షలు రాసినవాణ్ణి నేను. నాకు అనుమానమే రాలేదు.

జూన్ మొదటివారంలో ఐ.పోలవరం నుంచి దొరబాబు గారనే రైతు ఫోన్ చేశారు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. చెరువు గట్ల మీద పొట్టి రకం గంగబొండం వేద్దామనుకుంటున్నారట.

"మొక్కలు మేవేఁ కట్టుకుంటాఁవండి, మాకు విత్తనపు కాయలు చాలు. వెయ్యి కావాలి. మనుషుల్ని ఒక్కరోజుకే మాట్టాడుకున్నాను, అన్నీ ఒకేసారి పాతెయ్యాలి. ఉన్నాయాండీ?"

పలక చూశాను. గంగబొండం వరుసలో నాలుగు గళ్ళలోనూ నాలుగు ఒకట్లు. వెయ్యీ నూట పదకొండు. కుప్ప చూద్దామంటే ఇసుక కప్పి ఉంది. పక్కనే కాయలు ఊపుతున్న సత్తియ్యని మాటవరసకి అడిగాను.

"గంగబొండం ఎన్ని ఉంటాయి సత్తియ్యా?"

"ఒక మడికి సరిపడా ఉన్నాయండి."

చదువులేని మనిషి, ఉరామరిగా చెబుతున్నాడులే అనుకున్నాను. అది సరైన లెక్క అని, నేను షీటులో రాసుకున్నదే తప్పని నాకు అప్పుడు తట్టలేదు. దొరబాబు గారికి వెయ్యి ఖాయం చేసేశాను.

శుక్రవారం పొద్దున్నే టాటా ఏస్ బండి వచ్చింది. దొరబాబు గారు కూడా డ్రైవరు పక్కన కూర్చుని వచ్చారు. ఇసుక తీయించి, నేనే దగ్గరుండి కాయలు ఎక్కించడం మొదలుపెట్టాను. నాలుగు వందలకి కుప్ప అయిపోయింది. ఇసుక మరో జానెడు తవ్వించాను. ఇసుక కింద నేల వచ్చింది.

దొరబాబు గారు మర్యాదస్తుడు. వాచీ మాత్రం చూసుకున్నారు. ఆ చూడటంతో నా కోపం నెత్తికెక్కింది.

"సత్తియ్యా, ఇలా రా. పలక మీద ఏం రాసేవు?"

"ఉన్నదే రాసేనండి."

"పదకొండు వందల పదకొండు రాసేవు. ఇక్కడ నాలుగు వందలున్నాయి. ఏడు వందల పదకొండు కాయలు ఏమైపోయాయి?"

ఆయన పలక వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"పదకొండు వందలు నేను రాయలేదండి. డొక్క ఒకటి, చిప్ప ఒకటి, రాయి ఒకటి, కాయ ఒకటి. అదే రాసేనండి."

"నేను చెప్పేదీ అదేగా."

"ఒక మడికి ఉన్నాయని తమరికి చెప్పేను గదండీ."

అంతకన్నా విడమరిచి చెప్పడం ఆయనకి చేతకాలేదు. ముప్పయ్యేళ్ళుగా ఆ లెక్కలోనే బతుకుతున్న మనిషి, అందులో విడమరచడానికి ఏముందో ఆయనకే తెలియదు. నేను గొంతు పెంచాను. బేబీ పక్కనుంచి, "ఏడొందల కాయలు ఎవరు మోసుకెళ్తారండీ, ఒళ్ళో పెట్టుకుపోయేవా" అని గొణిగింది. దాన్ని కూడా కసిరాను.

గొడవ విని ఉమాదేవి గారు బయటికొచ్చారు. అంతా విన్నారు. ఆవిడ ఎప్పుడూ సత్తియ్యని ఎన్ని కాయలని అడిగింది లేదు. 'ఎన్ని మళ్ళు' అనే అడుగుతారు, ఆయన మళ్ళలోనే చెబుతాడు. వాళ్ళ అత్తగారి రోజుల నుంచీ అదే అలవాటు. అందుకని పలక మీది అంకెలు ఆవిడకీ కొత్తే.

"సత్తియ్యా, నువ్వు తీసేవని నేను అనను. అలా ఎప్పటికీ అనను," అన్నారు నిదానంగా. "కానీ మనింటికొచ్చిన మనిషి ముందు లెక్క తప్పింది. రేపట్నుంచి పలక మేస్టారి దగ్గర ఉంటుంది."

ఆయన పలక దగ్గరికి వెళ్ళాడు. గుంజ నుంచి విప్పాడు. భుజం మీది తుండుతో అంకెలన్నీ శుభ్రంగా తుడిచాడు. రెండు చేతులతో తెచ్చి నాకిచ్చాడు. ఎడమ చేతి రెండు వేళ్ళూ పలక అంచుని గట్టిగా పట్టుకున్నాయి, నేను కొంచెం లాగాల్సి వచ్చింది.

దొరబాబు గారు కాయలు దింపించేసి ఖాళీ బండితో వెళ్ళిపోయారు. సత్తియ్య మర్నాడు పనిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నాకేమీ బాధ లేదు. దొంగని పట్టేశానన్నంత ధీమాగా ఉన్నాను. ఆ నాలుగు వందల కాయల్నీ ఊరికే ఎందుకు ఉంచాలని, బోరు నీళ్ళు పెట్టించి ఒక మడిలో పాతించేశాను. ఇరవై వరుసలు, వరుసకి ఇరవై. ఒక్క కాయ మిగల్లేదు, ఒక్క గుంట ఖాళీ లేదు.

"మడి నిండిందండి మేస్టారూ," అంది బేబీ.

మామూలుగా చెప్పినట్టే చెప్పింది గానీ, నా మొహం మాత్రం తేరిపార చూసింది. నేను పట్టించుకోలేదు.

తర్వాత రెండో కుప్ప లెక్క నా వంతు. మొదటిసారి అయిదు వందల ఎనభై ఎనిమిది వచ్చింది. మధ్యలో ఫోన్ వచ్చింది కదా అని మళ్ళీ లెక్కపెడితే అయిదు వందల తొంభై మూడు. మూడోసారి అయిదు వందల తొంభై. బేబీ విసిరీ విసిరీ చేతులు దులిపేసుకుని అరుగు మీద కూర్చుంది. పోనీ కాయలు ఏరదామని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే, నాకు అన్ని కాయలూ ఒకేలా మాట్లాడాయి. ఏది ఎడమ పక్కకి పోవాలో ఏది కుడికో తెలియలేదు. మబ్బులు పడమటి నుంచి దిగుతున్నాయి, వానలు దగ్గర పడ్డాయి, అయిదు మళ్ళు ఖాళీగా ఉన్నాయి.

మూడో రోజు సాయంత్రం ఉమాదేవి గారు షెడ్డులోకి వచ్చి నిలబడ్డారు.

"మేస్టారూ, లెక్క సంగతి తర్వాత చూద్దాం. ఈ కుప్ప ఎన్ని మళ్ళకి వస్తుంది?"

అయిదు వందల ఎనభై ఎనిమిదా, తొంభై మూడా అని నసిగాను.

"రేపు సత్తియ్య ఇంటికెళ్ళి రండి," అన్నారు ఆవిడ. "పిలుచుకురమ్మని కాదు. ఆ రోజు అతను చెప్పింది మనం సరిగ్గా విన్నామో లేదో అడిగి రండి."

వెళ్ళడం నాకు ఇష్టం లేదు. అయినా వెళ్ళాను. గోదావరి మీది కాలవ వంతెన, అదే అక్విడెక్టు, దాటి ఎడమకి దిగితే వాళ్ళ వీధి. ఎండ మండిపోతోంది. వాకిట్లో మంచం మీద పంచె పరిచి, సత్తియ్య భార్య దుర్గమ్మ ఎండిన గుమ్మడి వడియాలు డబ్బాలో వేసుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"రండి మేస్టారండీ. తమరు చదువుకున్నోరు, మా వాకిట్లోకి వచ్చేరు. అలా కూర్చోండి. ఆయన దొడ్లో దడి కడుతున్నారు, పిలుత్తాను. మంచినీళ్ళు తాగండి."

మా కోనసీమలో కోపం కూడా అండీ పెట్టుకునే వస్తుంది. ఎన్ని అండీలుంటే అంత కోపం. నేను బుద్ధిగా మంచినీళ్ళు తాగాను.

ఆయన దొడ్లోంచి వచ్చేలోపల ఆవిడ మళ్ళీ వడియాల పనిలో పడింది. ఒక్కొక్కటీ డబ్బాలో వేస్తూ వేళ్ళు ముడుస్తోంది. ఏడోది పడగానే మంచం పట్టె మీద ఒక చింతపిక్క పెట్టింది. మళ్ళీ ఏడు, మళ్ళీ పిక్క. మొదట్లో ఊరికే చూస్తున్నాను. తర్వాత ఆవిడ ఎడమ చేతి మీద నా చూపు ఆగిపోయింది. అయిదు వేళ్ళూ బాగానే ఉన్నాయి. కానీ లెక్కపెడుతున్నంతసేపూ మధ్యవేలూ, ఉంగరం వేలూ, చిటికెనవేలూ అరచేతిలోకి మడిచే ఉంచింది.

"ఆ మూడు వేళ్ళకీ ఏమైందమ్మా?"

"నా వేళ్ళకేవీ కాలేదండి," అంది. "ఆయనకి ఏడే గదండీ. మిషన్లో పోయేక కొత్తల్లో పాతలెక్కే పెట్టేవోరు. ఏడు దాటేసరికి లేని వేలు ముడవబోయేవోరు. అది లేదని గుర్తొచ్చేది, అక్కడితో లెక్క మర్చిపోయేవోరు. కాయలన్నీ కాలితో తన్నేసి ఇంటికొచ్చి మొహం గోడకి పెట్టుకు పడుకునేవోరండి. చాలా రోజులు అలాగే. ఓనాడు లేచి, లేని వేళ్ళతో నాకేం పనే, ఉన్నవాటితోనే లెక్కెడతానన్నారు. అప్పట్నుంచీ ఏడుకో రాయి. ఏడు రాళ్ళకో చిప్ప. ఏడు చిప్పలకో డొక్క. మళ్ళీ ఒక్కనాడు తప్పలేదండి."

"మరి మీరెందుకు..."

"ఇంట్లో ఆయనదో లెక్కా నాదో లెక్కా అయితే ఎలా కుదురుద్దండీ? గుడ్లు లెక్కెట్టినా గొడవే, పిడకలు లెక్కెట్టినా గొడవే. అందుకని నేనూ మూడు వేళ్ళు ముడిచేసుకున్నాను."

ఇంకో వడియం డబ్బాలో వేసింది. నేను మాత్రం ఉన్నచోట ఉండలేకపోయాను. మంచం దిగి, వాకిట్లో ఇసుకలో వేలితో రాసుకున్నాను. కాయ ఒకటి. రాయి అంటే ఏడు. చిప్ప అంటే ఏడేళ్ళు నలభైతొమ్మిది. డొక్క అంటే ఏడు నలభైతొమ్మిదులు, మూడు వందల నలభై మూడు. అన్నీ ఒక్కొక్కటి. కూడాను. నాలుగు వందలు. మళ్ళీ కూడాను. నాలుగు వందలే.

పలక మీద ఆయన సరిగ్గా నాలుగు వందలే రాశాడు. పది వేళ్ళున్న నేను పదింటి లెక్కలో చదువుకుని, పదిమందిలో ఆ మనిషిని దొంగలా నిలబెట్టాను. సిగ్గుతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సత్తియ్య దొడ్లోంచి వచ్చి, ఇసుకలో నా అంకెలు చూశాడు. ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్ళతో చూపిస్తూ, "కాయ, రాయి, చిప్ప, డొక్క," అన్నాడు.

"క్షమించండి సత్తియ్యగారూ. తప్పు నాది."

"గారేంటండీ మధ్యలో," అన్నాడు. "అమ్మగారికి తెలుసాండీ?" అని అడిగాడు.

ఆయనకి కావలసింది ఆ ఒక్కటే అని అప్పుడు అర్థమైంది. పలక పోయినందుకు కాదు, మూడు రోజులు పనికి పోనందుకు కాదు. ఆవిడ మనసులో తన లెక్క తప్పుగా ఉండిపోతుందేమోనన్నదే ఆయన దిగులు.

"రేపు అందరి ముందూ నేనే చెబుతాను."

"ఆయ్," అన్నాడు.

మా వైపు అవునన్నా సరేనన్నా ఆ ఒక్క మాటే. దుర్గమ్మ లోపలికెళ్ళి టీ తెచ్చింది. ఈసారి అండీలు కాస్త తగ్గాయి.

మర్నాడు షెడ్డు ముందు అందరినీ పోగేసి, పొల్లు పోకుండా చెప్పాను. నేల మీద రాయీ చిప్పా డొక్కా పెట్టి చూపించాను. ఉమాదేవి గారు మొత్తం విని, సత్తియ్య వైపు తిరిగి, "ముప్పయ్యేళ్ళయింది, నేనైనా ఒకసారి అడగాల్సింది. నాదీ పొరపాటే," అన్నారు. ఆయన తలొంచుకుని తుండు సవరించుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడో చెమట తుడుచుకున్నాడో నేను చూడలేదు. పలక నేను రెండు చేతులతో అందించాను, ఈసారి ఎవరూ లాగాల్సిన పని రాలేదు. దొరబాబు గారికి అందరూ వింటుండగానే ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. పోన్లెండి, వచ్చే ఏడాది మొక్కలే పట్టుకెళ్తానన్నారు.

నన్ను మూడు రోజులు ఏడిపించిన కుప్పని ఆయన ఒక్క పూటలో తేల్చేశాడు. అయిదు వందల తొంభై ఒకటి. నా మూడు లెక్కల్లో ఒక్కటీ సరైంది కాదు.

వానలు మొదలయ్యాయి. మళ్ళు ఒక్కొక్కటే నిండుతుంటే అప్పుడు చూశాను ఆ పలక అందం. ఒక మడి నిండితే నాలుగు ఒకట్లు. రెండు నిండితే నాలుగు రెళ్ళు. మూడు నిండితే నాలుగు మూళ్ళు. పలక వైపు చూస్తే చాలు, ఎన్ని మళ్ళు నిండాయో చదువు రానివాళ్ళకీ తెలిసిపోతుంది. ఎన్ని మళ్ళని మాత్రమే అడిగే ఇంట్లో, ఆయన ఇన్నాళ్ళూ నోటితో చెప్పిన జవాబు ఇదే.

ఆ వారంలోనే దొరబాబు గారు మళ్ళు చూసుకుందామని వచ్చారు. తన వాటా వెయ్యీ గుర్తుగా రాసి ఉంచమంటే, సత్తియ్య పలక మూల రెండు, ఆరు, రెండు, ఆరు అని వేశాడు. దొరబాబు గారు కంగారు పడిపోయారు.

"రెండు వేల ఆరొందలు నేనేం చేసుకోనండీ? వెయ్యే గదా అడిగేను."

వెంటనే నవ్వబోయి ఆగిపోయాను. ఆ మాట మీద నవ్వే హక్కు ఈ మండలంలో నాకొక్కడికే లేదు. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, నాలుగు రకాలుగా విడమరిచి చెప్పాను. టీచరు పోస్టు రాకపోయినా ఆ పూటకి నేను టీచర్నే అయ్యాను, ఎంతో హాయిగా అనిపించింది.

నాకు ఒక్క సంగతి మాత్రం బుర్రలోంచి పోలేదు. ఏడింటి లెక్కలో నాలుగు ఒకట్లు వేస్తే, సరిగ్గా ఇరవై వరుసల ఇరవై ఎలా అయింది? కాగితం తీసుకుని మిగతా లెక్కలన్నీ వేసి చూశాను. అయిదింటి లెక్కలో నాలుగు ఒకట్లంటే నూట యాభై ఆరు, అది చదరంగా అమరదు. ఆరింటి లెక్కలో రెండు వందల యాభై తొమ్మిది, అమరదు. ఎనిమిదింటి లెక్కలో అయిదు వందల ఎనభై అయిదు, అమరదు. మన పదింటి లెక్కలో పదకొండు వందల పదకొండూ అంతే, ముప్ఫై మూడు వరుసలు పేర్చితే ఇరవై రెండు కాయలు మిగిలిపోతాయి. మా పాత లెక్చరర్ గారికి ఫోన్ చేసి అడిగాను. ఎంత దూరం పోయినా ఇంకోటి దొరకదనీ, నాలుగు ఒకట్లు చదరంగా కూర్చునేది ఏడింటి లెక్కలోనేననీ, దాన్ని ఎప్పుడో రుజువు చేసేశారనీ చెప్పారు.

ఆ కాగితం పట్టుకుని సత్తియ్య దగ్గరికి పరుగెత్తాను. ఆరో మడిలో ఆఖరి వరుస పాతుతున్నాడు. దుర్గమ్మ అన్నం క్యారేజీ తెచ్చి గట్టు మీద కూర్చుంది. ఇద్దరికీ చెప్పాను. వేలు ఒకటి ఎక్కువున్నా తక్కువున్నా ఈ మడీ ఆ పలకా ఇలా కలిసేవి కావని, లోకం మొత్తం మీద ఆ ఒక్క లెక్కకే ఆ అమరిక ఉందని.

ఆయన తన ఎడమ చేతిని కాసేపు తిప్పి చూసుకున్నాడు.

"అయితే సరిగ్గా మూడే పోవడం మంచిదైందంటారా మేస్టారూ?"

దుర్గమ్మే అందుకుంది.

"అంత మంచి మనకేం అక్కర్లేదు. అన్నం తిను ముందు."

ఆయన నవ్వాడు. అంత బాగా నవ్వగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆరో మడి నిండింది. పలక మీద నాలుగు ఆర్లు పడ్డాయి. షెడ్డులో ఇంకా ఒక కాయ మిగిలింది. దాన్ని లెక్కలో వేద్దామంటే ఆరు తర్వాత అంకె ఆయన పలకలో లేదు. వేళ్ళు నిండి రాయి అవుతుంది, రాళ్ళు నిండి చిప్ప అవుతుంది, చిప్పలు నిండి డొక్క అవుతుంది, డొక్కలూ నిండిపోతాయి. అయిదో గడి కావాలి. పలకకి ఉన్నవి నాలుగే. ఆ ఒక్క కాయకీ నాలుగు గళ్ళూ ఖాళీ చేసెయ్యాలి.

"దీన్నేం చేస్తారు?" అని అడిగాను.

"పలకలో పట్టని కాయండి ఇది. ఆరు మళ్ళూ నిండిన ఏడాది ఇలా ఒకటి ఉంచుతాను. కాలవ గట్టున పెడతాను."

అప్పుడు తలెత్తి చూశాను. నర్సరీ అంచున పంటకాలవ గట్టు వెంట కొబ్బరి చెట్ల వరుస ఉంది. నేను చేరినప్పటి నుంచీ ఉంది. నా షీటులో ఎక్కడా లేదు. ఒక చివర మేడంత ఎత్తు చెట్లు, ఇంకో చివర నా నడుం దాటని మొక్కలు. ఏడాదికొకటి. మళ్ళు నిండని ఏళ్ళలో ఒకటీ లేదు.

"ఎన్ని ఉన్నాయండీ ఇవి?"

"ఎప్పుడూ లెక్కెట్టలేదండి. పలకలో పట్టనివాటికి లెక్కేంటండీ?"

మోకాలి లోతు గుంట తీసి ఉంది. ఆయన కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, విన్నాడు, నాకిచ్చాడు.

"ఈ ఏడాది మీరు పెట్టండి."

వంగి పెట్టాను. ఇసుక కప్పాను. చేతులు కడుక్కున్నాక ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను. ఎడమ చేతి మధ్యవేలూ, ఉంగరం వేలూ, చిటికెనవేలూ అరచేతిలోకి మడుచుకున్నాను. ఏడు చెట్లకి ఒక రాయి జేబులో వేసుకుంటూ వచ్చాను. జేబులో నాలుగు రాళ్ళయ్యాయి. ఇప్పుడు పెట్టిన కాయ దగ్గరికి వచ్చేసరికి వేళ్ళ మీద ఒకటి మిగిలింది.

"నాలుగూ ఒకటండి," అన్నాను.

సత్తియ్య గట్టు మీద దుర్గమ్మ పక్కన కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. తలెత్తి చెట్లని ఓసారి చూసుకుని, "ఆయ్," అన్నాడు.